ఒంటి సీటు

సీట్లక్క మగాళ్ల బండి కొంటోందన్న కబురు ఇస్త్రీ షాపామె నోటి నుంచి బయటపడింది. ఆమె తన కళ్లతో చూసిందేమీ లేదు. పాలు పోసే ఆవిడ చెప్పిందట. పాలావిడకి ఎదురు మేడ మీద బట్టలారేసే కోడలు చెప్పిందట. ఆ కోడలు మాత్రం, పాత బళ్లు అమ్మే చోట సీట్లక్క ఒక ముసలి మెకానిక్కుని వెంటేసుకుని వరసగా నిలబెట్టిన బళ్ల మధ్య తిరగడం స్వయంగా చూసిందట. "సంతలో ఎద్దుకి పళ్లు చూసినట్టు చూస్తోందమ్మా ఒక్కో బండినీ" అందట. కబురు ఇస్త్రీ షాపు దాటేసరికి ఆ మెకానిక్కుకి ముప్పై ఏళ్లు తగ్గాయి. పిండి మర చేరేసరికి సీట్లక్క మొగుణ్ణి వదిలేసి ఆ బండెక్కి ఏ రోజున పోతుందో కూడా ఖాయమైపోయింది.

పిండి మర దగ్గర విన్నదాన్ని విన్నట్టే మూటగట్టి మోసుకొచ్చింది సీట్లక్క ఆడపడుచు. ఆవిడ వెనక వీధిలోనే ఉంటుంది. తమ్ముడి ఇంట్లో చీమ చిటుక్కుమన్నా ముందు తనకే తెలియాలనుకునే మనిషి. ఇది అందరికన్నా ఆఖరున తెలిసిందని రెండింతల కోపంతో వచ్చింది.

"నలభై ఎనిమిదేళ్లొచ్చాక గేర్ల బండేంటే నీకు? ఊరంతా నవ్వుతోంది!" అంది, చెప్పులు విడవకుండానే.

సీట్లక్క నోట్లో నాలుగు మేకులున్నాయి. వాటిని ఒక్కొక్కటే తీసి చెక్క మీద వరసగా పెట్టింది. "నేనింకా కొననే లేదు కదా వదినా, ఊరంతా దేన్ని చూసి నవ్వుతోంది?"

"కొనకముందే ఇంత నవ్వితే కొన్నాక ఎంత నవ్వుతారో ఆలోచించుకో."

"నవ్వనీ. ఈ వీధిలో నవ్వులకి కరువొచ్చి చాలా కాలమైంది."

ఆమెకి కన్నవాళ్లు పెట్టిన పేరొకటి ఉంది గానీ అది కాగితాల మీద తప్ప బతకడం మానేసింది. ఇరవై రెండేళ్లుగా మోటార్ సైకిళ్ల సీట్లు కుడుతోంది. ఇంటి ముందుగదే షాపు. గోడకి రెగ్జిన్ చుట్టలు, మూల స్పాంజి దిమ్మలు, కిటికీ దగ్గర కుట్టుమిషను, మిషను కాళ్ల దగ్గర ఆమె చెప్పులు. నాలుగడుగుల పది అంగుళాల మనిషి. స్పాంజి దిమ్మల వెనక నిలబడితే షాపులో ఎవరూ లేరనుకుని వెళ్లిపోయినవాళ్లున్నారు.

మెకానిక్కులు చప్పుడు విని బండి జబ్బు చెప్తారు. సీట్లక్క సీటు చూసి బండి నడిపేవాడి జబ్బు చెప్తుంది. సీటు ఒక పక్కకి కుంగితే వెనక జేబులో పర్సు పెట్టుకునేవాడు, వాడికి నడుంనొప్పి ఉండి తీరాలి. ముందంచు నలిగితే ఆగిన ప్రతిసారీ ముందుకి జారి కాలానించే పొట్టివాడు. కుట్ల వెంట తెల్లగా ఉప్పు చారలుంటే ఎండలో రోజంతా తిరిగి సరుకమ్మేవాడు. ముందుకన్నా వెనక భాగం ఎక్కువ అరిగితే ఇంటిల్లిపాదినీ మోసేవాడు. అలా ఊళ్లో సగంమంది మగాళ్ల బతుకులు ఆమెకి తెలుసు. కానీ ఆ సీట్లలో దేనిమీదా ముందువైపు ఆమె ఒక్కసారీ కూర్చోలేదు. ఎప్పుడెక్కినా వెనకే, రెండు కాళ్లూ ఒకే పక్కకి వేసి, ఒళ్లో ఏదో ఒక సంచీతో.

బండి కొనడం ఆమెకి కొత్త కాదు. కొన్నది ఉంచుకోవడమే కొత్త. షాపు పెట్టిన రెండో ఏడు సైకిలు కొంది. మొగుడు గోదాము కాపలాదారు. "ఇవాళ్టికి ఇవ్వవే, నడిచిపోతే లేటవుతుంది" అన్నాడు. ఆ ఇవాళ తొమ్మిదేళ్లు సాగింది. తర్వాత మోపెడ్ కొంది. ఆయన సైకిలు దిగి మోపెడ్ ఎక్కాడు, సైకిలు కొడుక్కి పోయింది. కొడుకు కాలేజీకి వచ్చాక మోపెడ్ వాడికి పోయింది, ఆయన తోటి కాపలాదారు బండి వెనక కూర్చోవడం మొదలెట్టాడు. పోయినేడు మోపెడ్ పాత ఇనుముకి వెళ్లింది. ఎవరూ ఆమె దగ్గర లాక్కోలేదు, అదే అసలు తంటా. లాక్కుంటే గొడవ పెట్టుకోవచ్చు. "ఇవాళ్టికి" అని అడిగినవాళ్లతో ఏం గొడవ పెట్టుకుంటాం?

ఇప్పుడు మాత్రం ఆమెకి చక్రాలు కావాలి. సరదాకి కాదు. ఊరి చివర బస్సు డిపోలో సీట్ల పని ఆమెకి వచ్చింది. చిరిగిన సీట్లు విప్పి తీసుకోవాలి, ముందు రోజు కుట్టినవి బిగించాలి. ఇదంతా బస్సులు కదలకముందే అయిపోవాలి. మొదటి బస్సు అయిదున్నరకి కదులుతుంది, కాబట్టి ఆమె నాలుగున్నరకల్లా అక్కడుండాలి. ఇంటి నుంచి డిపోకి తొమ్మిది కిలోమీటర్లు. బస్సులు కదలకముందు డిపోకి వెళ్లే బస్సు ఉండదు. ఆ ముక్క డిపో మేస్త్రీతో అంటే ఆయన నవ్వలేదు. "అది నీ తిప్పలమ్మా" అన్నాడు. విప్పిన సీట్లని మధ్యాహ్నం డిపో వ్యాను షాపు దగ్గర దింపుతుంది, కుట్టినవి సాయంత్రం ఎక్కించుకుపోతుంది. మనిషిని మోసే వ్యాను మాత్రం లేదు.

"నేను దింపుతా కదమ్మా, స్నేహితుడి బండి తెస్తా" అన్నాడు కొడుకు. ఆరడుగుల మనిషి, సెల్ ఫోన్లు బాగుచేసే షాపులో పని. మంచివాడే. నిద్రే వాడికన్నా బలమైనది. మొదటి వారంలోనే రెండు రోజులు ఆమె వాకిట్లో టార్చి పట్టుకుని నిలబడింది, వాడు లోపల దుప్పటితో కుస్తీ పట్టాడు. రెండోసారి ఆలస్యానికి మేస్త్రీ ఆమె ముందే ఒక కాగితం మీద ఏదో రాసుకున్నాడు. "ఇంకో రెండుసార్లు ఇలాగైతే ఈ పని చెయ్యడానికి ఊళ్లో వేరేవాళ్లున్నారు" అన్నాడు. బెదిరించినట్టు కాదు, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు.

ఇరవై రెండేళ్లుగా ఒక్కొక్క సీటు కుట్టినామెకి మొదటిసారి నూట పది బస్సుల పని దొరికింది. అది చేజారితే మళ్లీ ఈ ముందుగది, ఈ మేకులు, ఎప్పుడొస్తాడో తెలియని వాడుకదారు. అందుకే ముసలి మెకానిక్కుని వెంటేసుకుని పాత బళ్లు చూడ్డానికి వెళ్లింది.

ఆ సాయంత్రం ఇంట్లో సభ జరిగింది. ఆడపడుచు వెళ్లకుండా కూర్చుంది.

"స్కూటరు కొనవే" అన్నాడు మొగుడు. "గేర్లుండవు, ముందు కాళ్ల దగ్గర సంచీలు పెట్టుకోవచ్చు. అందరికీ పనికొస్తుంది."

"ఆ డిపో రోడ్డు చూశారా మీరు? గుంటల మధ్య అక్కడక్కడ రోడ్డుంటుంది. స్కూటరు చిన్న చక్రాలు అందులో పడితే నన్ను వెతకడానికి మీరు టార్చేసుకుని రావాలి."

"అమ్మా, కొంటే మంచిదే కొందాం" అన్నాడు కొడుకు, ఫోనులో ఎర్రటి బండి బొమ్మ చూపిస్తూ. దాని వెనక సీటు తేలు తోకలా పైకి లేచి ఉంది. "పికప్ చూడు దీనిది. నేను నడిపి నీకు అలవాటు చేసి ఇస్తా."

"దాని మీద నువ్వు కూర్చుంటే వెనక నేను చెట్టెక్కినట్టు కూర్చోవాలి. నాకు అలవాటు చేసేది అదేనా?"

"అసలు నీకెందుకే ఈ వయసులో?" అంది ఆడపడుచు. "పడితే ఎముకలు అతుక్కుంటాయా?"

"కందకి లేని దురద కత్తిపీటకెందుకు వదినా? పడేది నేను, ఎముకలు నావి."

మొగుడు మెల్లగా అన్నాడు, "అది కాదే. నువ్వు ముందు కూర్చుని నడుపుతూ నేను వెనక కూర్చుంటే… చూసేవాళ్లు ఏమనుకుంటారు?"

"ఆయనకి నడపడం రాదేమో అనుకుంటారు. నన్ను చూసి ఇరవై రెండేళ్లుగా అదే కదా అనుకున్నారు, నేనేమన్నా చచ్చిపోయానా?"

ఆదివారం నలుగురూ వెళ్లారు. ఆమె, మొగుడు, కొడుకు, ముసలి మెకానిక్కు. ఆడపడుచు రాలేదు, కానీ ఏ దారిన వెళ్తున్నారో రెండుసార్లు అడిగింది. అమ్మేవాడు నల్లకళ్లద్దాలు నెత్తిమీద పెట్టుకుని ఎదురొచ్చాడు. కొడుకుని చూసి ఎర్రబండి వైపు నడిచాడు. మొగుణ్ణి చూసి స్కూటర్ల వైపు తిరిగాడు. ఆమెకి కుర్చీ వేయించాడు.

"కుర్చీలో మీరు కూర్చోండి బాబూ, ఈ ఎండలో పొద్దుట్నుంచీ నిలబడ్డారు" అని ఆమె బళ్ల వరసలోకి వెళ్లింది.

ముసలి మెకానిక్కుని ఆమె బాబాయ్ అంటుంది. ఆయన పొగ చూస్తాడు, గొలుసు చూస్తాడు, ఇంజను మీద చెవిపెట్టి వింటాడు. ఆమె సీట్లు చూసింది. ఒక బండి సీటు నొక్కి వదిలేసింది. స్పాంజి లేవలేదు. "వాన్లో వదిలేసిన బండి. సీటే ఇలా నానితే లోపల వైర్లు ఏడుస్తూ ఉంటాయి." ఇంకోదాని రెగ్జిన్ అంచు గోటితో ఎత్తి చూసింది. "రెండు కవర్లు వేశారు, పాత కవరు తియ్యకుండా పైనే కుట్టారు. సీటుకే ఇంత బద్ధకం చూపించినవాడు ఇంజనాయిలు మార్చి ఉంటాడా?" బాబాయ్ ఆ బండి ఆయిలు పుల్ల తీసి చూశాడు. తారులా ఉంది. పుల్ల తుడిచి పెట్టేశాడు.

వరస చివర గోడకి చేరేసి ఉంది ఒకటి. ముదురు ఆకుపచ్చ ట్యాంకు, గుండ్రటి దీపం, పొడుగాటి చదును సీటు. అందం చందం ఏమీ లేదు, పనికెళ్లే మనిషిలా ఉంది. ఆమె సీటు ముందు భాగం మీద అరచెయ్యి పెట్టింది. రెండు వైపులా సమానంగా కుంగింది, ముందంచు మాత్రం కాస్త నలిగింది. వెనక భాగం నిమిరింది. ఇంకా కొత్తగానే ఉంది. అడుగున వేళ్లు పెట్టి పిన్నులు తడిమింది. కంపెనీ పిన్నులే, ఎవరూ విప్పలేదు.

"ఒక్కడే నడిపిన బండి" అంది. "నెమ్మదైనవాడు. వెనక ఎవర్నీ ఎక్కించుకోలేదు. పొట్టివాడు."

అమ్మేవాడు కళ్లద్దాలు నెత్తిమీంచి తీశాడు. "లెక్కల మాస్టారిదమ్మా. పెళ్లి చేసుకోలేదు. బడికీ ఇంటికీ తప్ప ఎక్కడికీ తిప్పలేదు. మీకెలా తెలుసు? కానీ ఆయన పొడుగే, మీవాడంత ఉంటాడు."

"అయితే ఒళ్లు దగ్గర పెట్టుకుని ముందుకి జరిగి కూర్చునేవాడై ఉంటాడు" అంది ఆమె, తప్పు ఒప్పుకోకుండా.

బాబాయ్ తన వంతు తను చేశాడు. చల్లటి ఇంజను స్టార్టు చేసి, పొగ గొట్టం దగ్గర తెల్లగుడ్డ పట్టాడు. గుడ్డ మురికయింది గానీ నల్లబడలేదు. బ్రేకులు రెండూ నొక్కాడు, హ్యాండిలు ఊపాడు, చక్రం ఎత్తి తిప్పాడు. "సీటు సరేనమ్మాయ్, కానీ బండిని నడిపేది సీటు కాదుగా. ఇంజను నేను చూశా. బాగుంది. నీ సీటు అబద్ధం చెప్పలేదు."

"అయితే ఎక్కి చూస్తా" అందామె.

ఎక్కింది. ఎడమకాలి బొటనవేలు నేలకి తగిలింది, కుడికాలు గాల్లో ఉంది. బండి ఒక పక్కకి ఒరిగింది. అమ్మేవాడు ఒకవైపు, కొడుకు ఇంకోవైపు పట్టుకున్నారు. ఎర్రబండి దగ్గర నిలబడ్డ కొనేవాళ్లిద్దరు నవ్వారు.

"చాల్లే, దిగు" అన్నాడు మొగుడు, చుట్టూ చూస్తూ.

"కాళ్లందట్లేదమ్మా" అన్నాడు అమ్మేవాడు జాలిగా. "స్కూటరు చూపిస్తా. కాళ్లు పెరిగే వయసు కాదు కదా."

"నా కాళ్లు పెరగవు. సీటు తరుగుతుంది. కాగితాలు పట్రండి."

ఇంటికొచ్చాక సీటు విప్పి చెక్క మీద పెట్టి, సుద్దముక్కతో గీత గీసింది. మొగుడు వచ్చి పక్కన నిలబడ్డాడు. "మరీ ఎక్కువ కొయ్యకే. కొంచెం తగ్గించు. అవసరానికి మేమూ ఎక్కేలా ఉండాలి కదా. ఒక ఇంట్లో బండి." కొడుకు కూడా అదే అన్నాడు. బాబాయ్ కూడా, వేరే కారణానికి, "ముందు నేర్చుకో, ఒళ్లు కుదురుకున్నాక చూద్దాం. కోసిన స్పాంజిని మళ్లీ అతకలేం" అన్నాడు. ఆమె గీత చెరిపి పైకి గీసింది. రెండు వేళ్ల మందం తీసింది.

అందరికీ సరిపోయేలా కోసిన సీటు ఎవరికీ సరిపోదని ఆమె వాడుకదార్లకి ఎన్నిసార్లు చెప్పిందో. కొలత ఒక ఒంటికే తియ్యాలి, అది ఆమె పనిలో మొదటి పాఠం. ఆ రోజు తన సీటుకే ఆ పాఠం మరిచిపోయింది.

కూరగాయల మార్కెట్టు మూసేశాక రోజూ ఆ ఖాళీ స్థలంలో నేర్చుకుంది. పాత ప్యాంటుకి మోకాళ్ల దగ్గర రెగ్జిన్ ముక్కలు వేసి కుట్టుకుంది. మొదటిరోజు నాలుగుసార్లు పడింది. నాలుగోసారి లేచి, "మోకాలు చిరగలేదు. కుట్టు గట్టిది" అంది.

"క్లచ్చి వదలడం అంటే గుమ్మంలో పడుకున్న కుక్కని లేపకుండా దాటడం అమ్మాయ్" అనేవాడు బాబాయ్. కుక్క చాలాసార్లు లేచింది. కానీ మిషను తొక్కేటప్పుడు ఒక్కో కుట్టు మాత్రమే పడేలా పాదాన్ని ఆపడం ఆమెకి ఇరవై రెండేళ్ల అలవాటు. అదే ఓపిక చేతివేళ్లకి దిగేసరికి వారం పట్టింది. నెల తిరిగేసరికి లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె చుట్టూ కాలు కింద పెట్టకుండా తిప్పింది. పరీక్ష పెట్టినాయన సంతకం చేస్తూ, "స్కూటరైతే ఇంకా సులువుగా ఉండేది కదమ్మా" అన్నాడు.

"చూడ్డానికి మీక్కూడానండి" అంది. ఆయనకి అర్థమైందో లేదో తెలియదు.

అన్నాళ్లూ కొడుకుని మూడింటికే లేపి, వాడి వెనక కూర్చుని డిపోకి వెళ్లింది. ఇక తెల్లవారుజామున తన బండి మీదే వెళ్లడం మొదలెట్టింది. మొదటి రోజుల్లో గేట్లో కాపలాదారు లేచి నిలబడి చూసేవాడు. పదోరోజుకి లేవడం మానేశాడు. ఆమెకి అదే నచ్చింది. ఆగాల్సి వస్తే మాత్రం ఒంటి బొటనవేలి మీద నిలబెట్టడం ఇంకా కష్టంగానే ఉంది.

ఇంట్లో బండి తాళం మేకుకి వేలాడేది. మేకుకి వేలాడేది ఎవరికైనా అందుతుంది. సాయంత్రం ఆమె మిషను ముందు కూర్చుంటే మొగుడు తాళం తీసేవాడు. "ఇవాళ్టికేనే, గోదాములో లెక్కల మనిషి వస్తున్నాడు, తొందరగా ఉండాలి." మర్నాడు కొడుకు, "ఇవాళ్టికేనమ్మా, స్నేహితుణ్ణి దింపి వచ్చేస్తా." బండి వచ్చేది, పెట్రోలు పోయేది. ఆడపడుచు కూడా ఒకరోజు వెనక కూర్చుని సంతకి వెళ్లొచ్చింది. దిగుతూ, "బండి బాగానే ఉందే. కొనడం మంచిదైంది. అందరికీ పనికొస్తోంది" అంది. ఆ మాట విన్నప్పుడు సీట్లక్క చేతిలో కత్తెర ఒక క్షణం ఆగింది.

శుక్రవారం తెల్లవారుజామున వాకిట్లోకి వచ్చేసరికి బండి లేదు. కొడుకుని లేపింది. "సాయంత్రం స్నేహితుడి దగ్గర ఉంచానమ్మా, పొద్దున్నే తెస్తానన్నాడు… టైమెంత?" అన్నాడు దుప్పట్లోంచి. నాలుగు దాటింది. ఆమె పనిముట్ల సంచీ భుజాన వేసుకుని పెద్దరోడ్డు దాకా పరిగెత్తింది. కూరగాయల వ్యాను ఒకటి ఆపి, బస్తాల మీద కూర్చుని వెళ్లింది. డిపో చేరేసరికి అయిదు బస్సులు బయటికెళ్లిపోయాయి, చిరిగిన సీట్లతోనే. మేస్త్రీ గేట్లో ఉన్నాడు. కాగితం జేబులోంచి తీశాడు.

"మూడు" అన్నాడు. "నాలుగోది రాయను. నాలుగోదానికి వేరేవాళ్లని పిలుస్తా. బండి కొన్నావుగా, ఏమైంది?"

"ఇంట్లో ఉంది" అంది. అది నిజం కూడా కాదు.

తిరుగు బస్సులో, తను కుట్టిన సీటు మీదే కూర్చుని వచ్చింది. కొడుకు మీద కోపం రావాలి, రాలేదు. వాడు అడిగాడు, ఆమె ఊ అంది. అడిగినవాడి తప్పు కొంతైతే, అందరికీ పనికొచ్చేలా సుద్దగీత పైకి జరిపిన చెయ్యి ఎవరిది?

శనివారం మధ్యాహ్నం షాపు తలుపు ఓరగా వేసింది. స్నేహితుడి దగ్గర్నుంచి తిరిగొచ్చిన బండి సీటు విప్పింది. కుర్చీ మీద కూర్చుని టేపుతో తన తుంటి నుంచి మడమ దాకా తానే కొలుచుకుంది, ఒకటికి రెండుసార్లు. రంపపు బ్లేడు తీసుకుని స్పాంజిలోకి దించింది. ఈసారి గీత పైకి జరపలేదు. మధ్యలో లోతుగా గిన్నెలా తవ్వింది, ముందు భాగం రెండు వైపులా సన్నగా చెక్కింది, తన తొడల మధ్య ఇమిడేలా. వెనక భాగం స్పాంజి మొత్తం తీసేసింది. ఆ జాగాలో రెండు గజాల రెగ్జిన్ చుట్ట, పానాలు, స్క్రూడ్రైవర్లు పట్టే చెక్కపెట్టె బిగించింది. పెట్టె మూత మీద కావాలనే ఏమీ పరచలేదు. నల్ల రెగ్జిన్ సాగదీసి, లాగి, పిన్నులు కొట్టింది. బాబాయ్ వచ్చి హ్యాండిలుని వెనక్కి, ఆమె చేతులకి దగ్గరగా వంచి బిగించాడు. వెనక కూర్చునేవాళ్లు కాళ్లు పెట్టుకునే కమ్మీలు ఆమే విప్పేసింది.

"అమ్మాయ్, మళ్లీ అతకలేమని చెప్పా కదా" అన్నాడాయన.

"ఈసారి అతకొద్దు బాబాయ్."

ఆదివారం తెల్లవారుజామున మొదటిసారి రెండు పాదాలూ పూర్తిగా నేల మీద ఆనించి బండి మీద కూర్చుంది. మడమలు కూడా. అంత చిన్న విషయానికి కళ్లలో నీళ్లొస్తాయని ఎవరైనా ముందే చెప్పి ఉంటే నవ్వేది. రోడ్డు మీద గుంట ఎదురైతే ఆపింది, రెండు కాళ్ల మీద నిలబెట్టింది, గుంట పక్కనుంచి తీసుకుపోయింది. డిపో గేటు దగ్గరికి వచ్చేసరికి మేస్త్రీ ఇంకా రాలేదు. ఆయన వచ్చేసరికి ఆమె మూడో బస్సులో ఉంది. ఆయన గడియారం చూసుకుని, జేబులో చెయ్యి పెట్టి, ఏమీ తియ్యకుండానే బయటికి తీశాడు.

సాయంత్రం కొడుకు తాళం తీసుకుని వాకిట్లోకి వెళ్లాడు. అడగలేదు కూడా, అలవాటైపోయింది. సీటు కేసి ఒకసారి చూసి, ఎక్కాడు. వాడి మోకాళ్లు గడ్డం దగ్గరికొచ్చాయి. స్టార్టు చేసి వీధి మలుపులో హ్యాండిలు తిప్పబోతే అది మోకాలికి తగిలి తిరగలేదు. బండి నేరుగా ఇస్త్రీ షాపు బల్ల దగ్గరికి పోయి ఆగింది. ఎదురు మేడ మీద బట్టలు తీస్తున్న కోడలు పిట్టగోడ పట్టుకుని నవ్వింది. కొడుకు బండిని నడిపించుకుంటూ వెనక్కొచ్చాడు.

అప్పటికి మొగుడు గుమ్మంలో ఉన్నాడు. ఆడపడుచు కూడా వచ్చేసింది, వీధిలో నవ్వు వినపడితే ఆవిడ ఇంట్లో ఉండలేదు.

"ఏంటమ్మా ఇది? కప్పలా కూర్చోవాల్సొచ్చింది!" అన్నాడు కొడుకు, మోకాలు రుద్దుకుంటూ.

"నిన్నెవరు కూర్చోమన్నారు?"

మొగుడు చెక్కపెట్టె మీద చెయ్యేసి చూశాడు. "వెనక సీటేదే?"

"లేదు."

"లేదంటే? నేనెక్కడ కూర్చోవాలి?"

"గోదాముకి మీ తోటాయన బండి ఉందిగా, దాని సీటు నేనే కుట్టా, మెత్తగా ఉంటుంది."

"బంగారం లాంటి బండిని పాడు చేసుకున్నావు కదే" అంది ఆడపడుచు. "అందరికీ పనికొచ్చేదాన్ని! ఇప్పుడు దీన్నెవరు నడుపుతారు?"

"ఎవరికి కొన్నానో వాళ్లు."

"నీ పట్టుదల నాకు అర్థం కాదే" అన్నాడు మొగుడు. కోపం కన్నా దిగులెక్కువ ఉంది ఆ గొంతులో. "మేమేమన్నా పరాయివాళ్లమా? ఇవాళ్టికి కావాలంటే…"

"ఇవాళ్టికి అని మీరు అడిగిన ప్రతిరోజూ నాకు కూడా ఇవాళే" అంది. "ఇంకొక్కరోజు లేటైతే ఆ పని పోతుంది. మూడుసార్లు అయింది. నాలుగోది లేదన్నాడు. ఆ బండి నాలుగింటికి ఈ వాకిట్లో ఉండాలి, అంతే. ఉండాలంటే దాని మీద ఇంకెవరూ కూర్చోకూడదు."

కొడుకు తల గోక్కున్నాడు. అమ్మ మాటలో తప్పు లేదని వాడికి తెలుసు. సాయంత్రం స్నేహితులు ఎదురు చూస్తారనీ తెలుసు. ఆ రెంటి మధ్యా వాడికి ఒక దారి తట్టి మొహం వెలిగింది.

"దీనికింత రాద్ధాంతం ఎందుకమ్మా? బజార్లో ఈ బండికి కంపెనీ సీటు దొరుకుతుంది. రెండు బోల్టులు విప్పితే నీ సీటొస్తుంది, రెండు బోల్టులు బిగిస్తే కొత్తది కూర్చుంటుంది. పది నిమిషాల పని. పొద్దున్న నీది పెట్టుకో, సాయంత్రం మాది పెట్టుకుంటాం. రేపే తెస్తా."

"చూశావా, పిల్లాడికున్న తెలివి నీకు లేదు" అంది ఆడపడుచు. మొగుడు కూడా తేలికపడి గుమ్మం మీద కూర్చున్నాడు.

సీట్లక్క కొడుకు చేతిలోంచి తాళం తీసుకుంది.

"తెచ్చుకోరా. దాని కింద పెట్టుకోవడానికి బండొకటి కూడా తెచ్చుకో."